ఛీ కొట్టని ఊరు

మా ఇంట్లో దుర్మార్గం నా వాటా. అమ్మది నల్లముఖం, నాది తెల్లముఖం. మా పాటల నాటకాల్లో ముఖానికి నల్లరంగు పూస్తే న్యాయాధికారి అని అర్థం, ఎవరికీ లొంగనివాడు. తెల్లరంగు పూస్తే మంత్రి, రాజుగారి చెవిలో జోరీగ, ఆకలితో ఉన్న ఊరి ధాన్యం తన గాదెలకు మళ్లించుకునే రకం. నేను తెర పక్కకు తోసి బయటికి రాగానే ముసలమ్మలు పళ్లు కొరుకుతారు, ఛీ ఛీ అంటారు, వేరుశెనగ తొక్కలు విసురుతారు. ఒకావిడ ఆవేశంలో చెప్పు విసిరేసి, ఆట అయ్యాక తల గోక్కుంటూ వచ్చి అడిగి తీసుకెళ్లింది.

ఆ ఛీత్కారం నాకు అన్నం పెట్టింది. అందులో నాకు సిగ్గేమీ లేదు. బజారులో చేపలమ్మే వదిన కూడా నన్ను చూడగానే, "మంత్రిగారొచ్చారు, తోకముక్క తీసి పెట్టండ్రా!" అనేది. అమ్మకు మాత్రం పొట్టముక్క, పైగా ఒక అల్లం కొమ్ము ఊరికే. జ్వరం వచ్చిన పిల్లల్ని తెచ్చి అమ్మ చేత తల నిమిరించుకునేవాళ్లు. రోజూ ఉదయం చిలగడదుంప గంజి తాగి, కాళ్ల నొప్పులని మూలిగే మా అమ్మ బీగ్యోక్, ఈ తీరంలో వాళ్లకు సగం దేవత.

నల్లముఖానికి నియమాలున్నాయి. ఆ రోజు అమ్మ చేప, మాంసం ముట్టదు. నాటకాల దేవుడికి అగరొత్తులు వెలిగించి, అద్దం ముందు కూర్చుని రంగు పూసుకుని, చిట్టచివర నుదుటి మీద తెల్లగీత దిద్దుకుంటుంది. ఆ గీత పడిందంటే ముఖం కడిగేదాకా సొంతమాట ఒక్కటి మాట్లాడకూడదు. దాహమేసినా సైగే. నాటకంలో మాట తప్ప మరో మాట ఆ నోట వస్తే ఆ ముఖం ఇంక పలకదని మా అమ్మమ్మ కాలం నుంచి నమ్మకం.

మా తమ్ముడు బున్‌హ్యోంగ్‌కు ఏ ముఖమూ లేదు. వాడు పెద్దయ్యాక నాటకం వదిలేసి రాజకీయాల్లోకి వెళ్లాడు. కానీ వాడి గురించి ఈ తీరమంతా చెప్పుకునే కథ మాత్రం నాటకందే. మా బృందంలో పిల్లలకు అందరికంటే ముందు నేర్పేది ఒకటుంది: స్టేజీ ఖాళీగా ఉండకూడదు. డోలు పిలిచాక రావాల్సినవాడు రాకపోతే, దగ్గర ఎవరుంటే వాళ్లు ఎక్కాలి. ఎక్కని పిల్లల పిక్కల మీద డోలు కొట్టే గ్వాన్ మామ పుల్లతో ఒక్కటి వేసేవాడు. మా తమ్ముడు చిన్నవాడిగా ఉన్నప్పుడు, నేరస్థుడి వేషగాడికి తెర వెనక కడుపునొప్పి వచ్చి పడిపోయాడు. డోలు రెండుసార్లు పిలిచింది. ముందు వరసలో కూర్చుని మొక్కజొన్న కండె నములుతున్న మావాడు దాన్ని అవతల పారేసి, స్టేజీ ఎక్కి, అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ వేషం మాటలన్నీ అప్పజెప్పేశాడు. అమ్మ ఆ రాత్రంతా వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఏడ్చిందట.

ఈశాన్యపు గాలి మొదలైన ఆ ఎన్నికల కాలంలో ఆ కథే వాడి ప్రచారం. మండలాధ్యక్ష పదవికి నిలబడ్డాడు. మైకు బండి ఎక్కి, పేరు కుట్టిన పసుపు చొక్కా వేసుకుని, గొంతు చించుకునేవాడు.

"స్టేజీ ఖాళీగా ఉంటే నేను కూర్చోలేను! అది నాకు పాలతో వచ్చింది! మన మండలం స్టేజీ ఇవాళ ఖాళీగా ఉంది!"

జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు. తమ్ముడు ఎదుగుతుంటే ఎవరికి బాగుండదు. మా వాకిట్లో జెండాలు కట్టారు, ఎవరెవరో వచ్చి అమ్మ కాళ్లకు దండం పెట్టి టీ పొట్లాలు ఇచ్చి వెళ్లేవాళ్లు. ఎగువపేటలో మలుగు చేపల చెరువులున్న కో పెద్దాయన రెండు బండ్లు వాడికే వదిలేశాడు.

దిగువపేట ఒక్కటే వాడికి కొరుకుడు పడలేదు.

దిగువపేటంటే ఆల్చిప్పలు కొట్టుకుని బతికే వాళ్లది, సముద్రం కంటే పల్లంలో ఉన్న ఊరు. అంతకు ముందు ఏడాది తుఫానులో ఆ ఊరు మునిగింది. ఎగువ కాలవకూ దిగువ కాలవకూ మధ్య ఒక తూము ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు దాని తలుపు ఎత్తితే ఎగువ నీళ్లన్నీ దిగువపేట ఇళ్లలోకి వస్తాయి, సముద్రంలోకి పోవడానికి దారుండదు. ఈ సంగతి అక్కడ పాలు తాగే పిల్లలకూ తెలుసు. అయినా ఆ రోజు పోటు వేళకే తలుపు లేచింది. తలుపు కాపలా ఉండే హోక్‌లాయ్, తరవాత జనాన్ని లేపడానికి ఇంటింటికీ పరిగెత్తి, ఆ నీళ్లలోనే పోయాడు. తాగి తలుపెత్తాడన్నారు. చచ్చినవాడు కాదనలేడు కదా.

హోక్‌లాయ్ వాళ్లది ఆ ఊరి దేవుడి పల్లకీకి ముందు బొంగు పట్టే వంశం. తాతల నాటి హక్కు. తుఫాను తరవాత వచ్చిన ఉత్సవంలో వాళ్ల కొడుకును పల్లకీ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

కానీ ఊళ్లో కొందరికి అనుమానం ఉంది. హోక్‌లాయ్ తనంతట తను తలుపెత్తడని, కాలవల కమిటీకి అప్పుడు పెద్దగా ఉన్న మావాడే చెప్పి ఉంటాడని. అందుకే ప్రచారానికి వెళ్లిన వాణ్ణి గుడి ముందు ఆపారు.

ఆ మధ్యాహ్నం వాడు నేరుగా మా వంటింట్లోకి వచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

"కోడి తల నరికి ప్రమాణం చెయ్యమంటున్నారమ్మా. వాళ్ల దేవుడి ముందు. 'నేను చెప్పలేదు, చెప్పి ఉంటే ఈ కోడి గతే నాకు' అనాలంట."

అమ్మ గంజిలో ఊరముల్లంగి ముక్క నంజుకుంటోంది. తల ఎత్తలేదు.

"చెయ్యి మరి," అంది.

కుక్కరు మూత మీద ఆవిరి చుక్కలు జారడం చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ తుఫాను మధ్యాహ్నం కూడా మేం ముగ్గురం అక్కడే, ఆ బల్ల చుట్టూనే ఉన్నాం. కో పెద్దాయన దగ్గర్నుంచి వాడికి ఫోను వచ్చింది. ఆ వెంటనే వాడు ఇంకో ఫోను చేశాడు. "హోక్‌లాయ్ బావా, మధ్య తూము ఎత్తెయ్. పోటు సంగతి నాకూ తెలుసులే, నాకు చెప్పకు. నా మాట మీద ఎత్తు." పెట్టేసి, అమ్మ వైపు తిరిగి, "టీ ఉందా?" అన్నాడు. నేనే పోసిచ్చాను. ఏం ఎత్తమన్నాడో, ఎక్కడి తూమో, అప్పుడు నాకు ఎక్కలేదు. సాయంత్రానికి దిగువపేట సంగతి తెలిశాక ఎక్కింది. ఎక్కాక కూడా ముగ్గురిలో ఎవరమూ దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడకపోతే జరగనట్టే అనుకుంటూ ఏడాది గడిపాం.

"ఓటర్లంటే ఎలాగో సర్దుకోవచ్చు," అన్నాడు వాడు మెల్లగా. "దేవుడితో పెట్టుకుంటానా? నాకూ పిల్లలున్నారు."

"అబ్బో, దేవుడి భయం ఉందే నీకు!" అన్నాను నేను.

"నువ్వూరుకో అక్కా. వేషంలో చేసేవన్నీ చేస్తావు, ఇంట్లో మాత్రం నీతులు."

"నేను వేషంలోనే చేస్తానురా."

వాడి ముఖం ఎర్రబడింది. నా మీద గయ్‌మంటాడేమో అనుకున్నాను గానీ, వాడు కుర్చీ లాక్కుని అమ్మకు దగ్గరగా జరిగాడు. వాడు ఏదైనా కావాలంటే చిన్నప్పటి నుంచీ అంతే, ముందు కుర్చీ జరుగుతుంది.

"అమ్మా, వాళ్ల దేవుడి పుట్టినరోజు వస్తోంది. ఆట నేను పెట్టిస్తా. నువ్వు నల్లముఖం వెయ్యి. కోడెందుకు, మా అమ్మే మీ గుడి ముందు న్యాయపీఠం మీద కూర్చుంటుంది, తప్పు చేసినవాడైతే ఆ ముఖం ముందు కొడుకు కూర్చోగలడా అని చెప్పాను. ఒప్పుకున్నారు. నువ్వేం అబద్ధం ఆడక్కర్లేదమ్మా. ఆ ముఖంతో నువ్వెలాగూ సొంతమాట మాట్లాడవు కదా."

వాడి తెలివికి నాకు ఒళ్లు మండింది. మా అమ్మమ్మ నాటి మడిని తీసుకొచ్చి వాడు తన తప్పుకు గొడుగు పట్టుకుంటున్నాడు. అమ్మ కాదంటుందనుకున్నాను. గిన్నె కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, "ఆడతాను," అంది. "ఆట తప్ప ఇంకేమీ ఆడను."

"అంతే కావాలి!" అని వాడు అమ్మ భుజాలు పట్టుకుని ఊపి, మైకు బండి ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు అమ్మతో గట్టిగానే అన్నాను. "వాడు దొంగయితే మనం దొంగకు తాళం ఇచ్చినవాళ్లమా?" అమ్మ పక్కకు తిరిగి పడుకుని, "వాడు నా కడుపున పుట్టాడే," అంది. దాని మీద ఇంకేమంటాను. నన్నూ అదే కడుపు కన్నది.

ఆట ముందు స్టేజీ కట్టే చోటు చూడడానికి నేను దిగువపేట వెళ్లాను. గుడి పక్కన ఆడవాళ్లు వరసగా కూర్చుని ఆల్చిప్పలు కొడుతున్నారు. హోక్‌లాయ్ పెళ్లాం మువా కూడా ఉంది. అందరికంటే దూరంగా, గోడ వారన. నన్ను చూసి ముసుగు గుడ్డ పైకి జరిపింది.

"మంత్రిగారా! రండి రండి. ఈసారి ఏ ఊరి ధాన్యం దోస్తావమ్మా?"

నేను నవ్వి పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతులు ఆగవు. కత్తి ఒక మెలిక, ఆల్చిప్ప తెరుచుకోవడం, మాంసం గిన్నెలో పడడం.

"ఇంకా ఎన్నాళ్లని ఇలా విడిగా కూర్చుంటావు వదినా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదాని.

"నేను కూర్చోలేదు. వాళ్లు జరిగారు." కత్తితో అవతలి వాళ్లను చూపించింది. "వాళ్లనీ అనలేను. వాళ్ల బియ్యం, పరుపులు, దేవుడి గది అన్నీ మా ఆయన నీళ్లలో కలిపాడని కదా వాళ్ల లెక్క. నాకైతే ఒకటే, అక్కా. ఆయన పొద్దున మొక్కుకున్నాడు, మా అబ్బాయి సముద్రం నుంచి తిరిగొచ్చేదాకా చుక్క ముట్టనని. ముట్టలేదు. తలుపు ఎత్తేముందు ఎవరితోనో ఫోనులో అరిచాడు, 'పోటండీ, పోటు మీదుందండీ' అని. నేను విన్నాను. అవతలి గొంతు వినపడలేదు."

నేను గిన్నెలోని మాంసం వైపే చూస్తూ కూర్చున్నాను.

"మీ అమ్మ వస్తోందటగా," అంది మువా. "ఆవిడంటే నాకు నమ్మకం. ఆవిడ ముందు ఏదన్నా తేలుతుంది. మా వాడి చెయ్యి మళ్లీ ఆ బొంగు మీద పడాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

వచ్చేటప్పుడు ఆవిడ ఒక చిన్న సంచీ నిండా ఆల్చిప్పల మాంసం కట్టి ఇచ్చింది. వద్దంటే ఊరుకోలేదు. "తోకముక్కలు తిని తిని చిక్కిపోయావు," అంది. సిగ్గుతో ఆ సంచీ ఎవరికీ కనపడకుండా చంకలో దాచుకుని కట్ట మీద నడిచాను. ఇంటికి తెచ్చి వండలేకపోయాను, పారబోయలేకపోయాను. అమ్మకు చెప్పాను, మువా ఏమందో అంతా, ఒక్క మాట వదలకుండా. అమ్మ విని, ఆ మాంసం తనే కడిగి, గుడ్డు వేసి అట్టు పోసింది. ఇద్దరం తిన్నాం. ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకోలేదు.

ఆట రోజు మధ్యాహ్నం ఎండ బాగానే కాసింది. గుడి ముందు ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి, వెనకాల జనం స్కూటర్ల మీదే కూర్చున్నారు. తెర వెనక నేను తెల్లరంగు పూసుకుంటుంటే తమ్ముడు వచ్చాడు. పసుపు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, అందరికీ వేడి టీ సీసాలు పంచుతూ, గ్వాన్ మామ భుజం తడుతూ.

"మామా, డోలు దద్దరిల్లాలి ఇవాళ!"

"నీ పిక్కలు జాగ్రత్త," అన్నాడు గ్వాన్ మామ పుల్ల ఆడించి. ఇద్దరూ నవ్వారు.

అమ్మ ముఖమంతా నల్లగా అయిపోయింది. నుదుటి గీత ఒక్కటే మిగిలింది. కుంచె తెల్లరంగులో ముంచి, ఆపి, అద్దంలోంచి వాడి వైపు చూసింది.

"ముందు వరసలో కూర్చో," అంది. "మధ్యలో."

"అక్కడే వేయించానమ్మా కుర్చీ," అన్నాడు వాడు మురిసిపోతూ.

అమ్మ గీత దిద్దుకుంది. ఇక మాట లేదు.

ఆ ఆట మాకు కొట్టిన పిండి. మంత్రి కరువు ధాన్యం మళ్లించుకుంటాడు, ఒక ఊరు ఊరంతా మాడిపోతుంది. మొదటి భాగమంతా నాదే. ఛీ ఛీ అన్నారు, తొక్కలు పడ్డాయి, నేను విసనకర్ర ఊపుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వాను. ముందు వరసలో తమ్ముడు కూడా అందరితో పాటు 'ఛీ' అన్నాడు. వాడి కుర్చీ పక్కన కూర్చున్న పెద్దవాళ్లు వాడి వీపు తట్టి నవ్వారు.

తరవాత న్యాయస్థానం రంగం. అమ్మ పీఠం ఎక్కి, చెక్క మొద్దుతో బల్ల మీద చరిచి, ఎప్పటిలాగే అడగాలి: "ఎవరికి అన్యాయం జరిగింది? భయపడకండి, వచ్చి చెప్పండి." అప్పుడు విధవ వేషం వేసిన పిల్ల పక్క నుంచి ఏడుస్తూ వస్తుంది.

అమ్మ పీఠం మీద కూర్చోలేదు. బల్ల దాటి, స్టేజీ అంచు దాకా నడిచి వచ్చింది. పిల్ల నిలబడ్డ పక్కకు చూడలేదు. జనం వైపు తిరిగి అడిగింది.

"ఎవరికి అన్యాయం జరిగింది? భయపడకండి. వచ్చి చెప్పండి."

ఆ గొంతు ఎలా ఉంటుందో నేను రాయలేను. వెనక స్కూటర్ల దాకా వెళ్లింది. మళ్లీ అడిగింది. విధవ వేషం పిల్ల ఒక అడుగు ముందుకు వేయబోయింది, నేను వెనక నుంచి దాని చెంగు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకూ తెలియదు. అమ్మ మూడోసారి అడిగింది.

జనంలో ఒక కుర్చీ కిర్రుమంది. మువా లేచింది. గోడ వారన కూర్చున్న మనిషి, మధ్య దారిలోంచి నడుచుకుంటూ వచ్చి, స్టేజీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాకు జరిగిందమ్మా. మా ఆయన తాగలేదు. ఎవరో ఎత్తమంటేనే ఎత్తాడు. ఎవరో చెప్పించండి."

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ ఏం మాట్లాడగలదు? ఆటలో మాట తప్ప. ఆటలో తరవాతి మాట అమ్మది ఒక్కటే ఉంది, అది చెప్పింది.

"నేరస్థుణ్ణి పిలవండి."

గ్వాన్ మామ డోలు మీద పిలుపు వేశాడు. అది నా పిలుపు. తెల్లముఖంతో నేను పరిగెత్తుకెళ్లి, అమ్మ కాళ్ల ముందు పడి, తల బాదుకోవాలి. జనం ఛీ కొడతారు, నా తల తీయిస్తారు, కడుపు చల్లబడి ఇంటికి వెళ్లి అన్నం తింటారు. మువా కూడా వెళుతుంది, మళ్లీ ఆ గోడ వారకే. ముప్పై ఏళ్లు ఎవరెవరి పాపాలకో నేను అలా ఛీ కొట్టించుకున్నాను. ఆ రోజు నా కాళ్లు కదల్లేదు. తెర పట్టుకుని నిలబడిపోయాను.

డోలు రెండోసారి పిలిచింది. స్టేజీ మీద అమ్మ ఒక్కతే. నేరస్థుడు నిలబడాల్సిన చోటు ఖాళీగా ఉంది. గ్వాన్ మామ పుల్లలు పైకెత్తి నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మూడో పిలుపు గట్టిగా వేశాడు.

ముందు వరసలో మా తమ్ముడు లేచి నిలబడ్డాడు.

వాడు కావాలని లేవలేదు. తెర సందులోంచి వాడి ముఖం నాకు తిన్నగా కనిపించింది. స్టేజీ ఖాళీగా ఉంది, డోలు పిలిచింది, వాడి కాళ్లు లేచాయి, అంతే. వాడి కుడికాలు స్టేజీ వైపు ఒక అడుగు కూడా వేసింది. అప్పుడు వాడికి తెలిసింది తను ఎక్కడున్నాడో. చుట్టూ చూశాడు. కూర్చుందామని కుర్చీ కోసం చెయ్యి వెనక్కి పెట్టాడు, చేతికి అందలేదు. పసుపు చొక్కా మీద వాడి పేరు ఎండలో మెరుస్తోంది.

అమ్మ స్టేజీ అంచు నుంచి కిందికి, వాడి వైపు చూసి, ఆటలో తరవాతి మాట చెప్పింది.

"తల ఎత్తు. నువ్వు చేసిందేనా?"

'నేనెరగను ప్రభూ' అనాలి అక్కడ. చిన్నప్పుడు మొక్కజొన్న కండె పారేసి వాడు అప్పజెప్పింది ఆ మాటే. వాడి పెదాలు కదిలాయి. అది కూడా అనేస్తాడేమో అనుకున్నాను. అనలేదు. తల దించుకుని నిలబడ్డాడు. అంతమంది జనంలో ఒక్కరు కూడా ఛీ అనలేదు, ఒక్క తొక్క పడలేదు. నేను అలాంటి నిశ్శబ్దం ఎన్నడూ ఎరగను. అది నా తమ్ముడి కోసం.

అమ్మ వెనక్కి తిరిగి తెర లోపలికి వచ్చింది. బకెట్లో నీళ్లు ముఖాన కొట్టుకుని, నూనె గుడ్డతో రుద్దుకుంది. నల్లరంగు మెడ మీదుగా కారుతోంది. ముఖం కడిగాక అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి అన్న మొదటి మాట, "ఆ-ఇన్, వాడికి మంచినీళ్లు ఇయ్యవే."

తరవాత పక్క మెట్లు దిగి, జనంలోకి వెళ్లి, మువా పక్కన నేల మీద కూర్చుంది. రంగు లేని ముఖంతో మా అమ్మ ఎంత చిన్న మనిషో ఆ ఊరు అప్పుడే చూసింది.

"ఆ ఫోను మా వంటింట్లోంచే వెళ్లిందమ్మా," అంది. "నేను అక్కడే ఉన్నాను."

ఆ మాటకు స్టేజీ గొంతు లేదు. ముసలి గొంతు, పీలగా ఉంది. రెండో వరసకు కూడా వినపడలేదు. "ఏమంది? ఏమంది?" అన్నారు వెనకవాళ్లు. ముందువాళ్లు వెనక్కి తిరిగి చెప్పారు. వాళ్లు ఇంకా వెనకవాళ్లకు చెప్పారు. మా ఇంటి మాట అలా ఒక నోటి నుంచి ఒక నోటికి, వరస వరసకూ, స్కూటర్ల దాకా వెళ్లడం నేను తెల్లముఖంతో నిలబడి విన్నాను. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. అది తీసుకెళ్లి ఇద్దామని చూసేసరికి తమ్ముడు లేడు.

ఎన్నికల్లో వాడు గెలిచాడు. ఎగువపేట వాళ్లకు వాడు చేసింది తప్పనిపించలేదు, మా చెరువులు కాపాడాడన్నారు. టపాకాయలు కాల్చుకుంటూ బండి మా వీధిలోకి వచ్చినప్పుడు అమ్మ వీధి తలుపు మూసేసింది. విచారణ అంటున్నారు, ఏళ్లు పడుతుందంటున్నారు. వాడు ఇప్పుడు బజారులో కో పెద్దాయన కట్టించిన మేడలో ఉంటాడు. అమ్మ నల్లముఖం మళ్లీ వేయలేదు. రంగు డబ్బాలు కడిగి, నాటకాల దేవుడి వెనక పెట్టేసింది. నేను అడిగితే, "మూడుసార్లు అడిగాను కదే, మూడూ ఆటలో మాటలే. కానీ అడిగింది న్యాయాధికారి కాదు, నేనేనని నాకు తెలుసు," అంది. వాడి పేరెత్తదు. గంజి తాగేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఎదురు కుర్చీని కాస్త ముందుకు జరుపుతుంది.

బజారులో చేపల వదిన ఇప్పుడు నన్ను మంత్రిగారు అనడం మానేసింది. నోరెత్తకుండా పొట్టముక్క తూచి ఇస్తుంది. తోకముక్క ఇవ్వు వదినా అంటే, "ఎందుకులే ఆ-ఇన్," అని చూపు తిప్పుకుంటుంది. ఆ పొట్టముక్క నాకు మింగుడు పడదు.

వసంతంలో దిగువపేటలో పల్లకీ ఊరేగింది. ముందు బొంగు కింద హోక్‌లాయ్ కొడుకు ఉన్నాడు. ఆ సాయంత్రం ఆట మాదే. వద్దనుకున్నాను, మువా కబురు పంపి పిలిపించింది. ముందు వరస మధ్యలో మండలాధ్యక్షుడి కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది.

నేను తెర తోసి బయటికి వచ్చాను. తెల్లముఖం, విసనకర్ర, పొట్ట, అన్నీ ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. ముసలమ్మలు చేతుల్లో వేరుశెనగలు పట్టుకుని, మర్యాదగా, తలలు వంచుకుని కూర్చున్నారు. నా ముఖం మీద వాళ్లకు వేషం కనిపించడం లేదు, మా ఇల్లు కనిపిస్తోంది. ఒక్కరు ఛీ అంటే చాలు, ఒక్కరు, అనుకుంటూ స్టేజీ మధ్యలో నిలబడిపోయాను. మొదటి మాట నోటికి రాలేదు. గ్వాన్ మామ డోలు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

అప్పుడు గోడ వారన కాదు, ఆడవాళ్లందరి మధ్యలోంచి, మువా లేచి నిలబడింది. నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"ఛీ! పాపిష్టి మంత్రీ!" అని అరిచి, గుప్పెడు తొక్కలు నా ముఖాన విసిరింది. "ఏం చూస్తారే, కొట్టండి! మన ధాన్యం దోచుకోవడానికి వచ్చింది!"

ఎవరో నవ్వారు. ఎవరో ఛీ అన్నారు. ఇంకెవరో అన్నారు. ఊరంతా ఎత్తుకుంది, తొక్కలు వానలా పడ్డాయి. నేను పొట్ట పట్టుకుని, ముప్పై ఏళ్లుగా నవ్వే నవ్వు మొదలుపెట్టాను. సగంలో అది ఏడుపైపోయింది. మా ఊళ్లో మంచి వేషగత్తెకు అది రాకూడదు. తెల్లరంగు కరిగి గడ్డం మీదకు కారుతుంటే, మువా వైపు చూసి, మిగతా నవ్వు కూడా నవ్వాను.